మేడలు కట్టే ఆడవాళ్ళకు మరుగేదీ?

బహిర్భూమికి వెళ్ళడమంటే పల్లెటూరి అలవాటని చాలామంది అనుకుంటారు. గచ్చిబౌలి చుట్టుపక్కల తిరిగి చూస్తే అది అలవాటు కాదు, గత్యంతరం లేకపోవడమేనని నాకనిపించింది.

1998లో సైబర్ టవర్స్ మొదలైన దగ్గర్నుంచీ ఈ ప్రాంతంలో మేడలు లేస్తూనే ఉన్నాయి. వాటికి ఇటుకలూ ఇసుకా మోసే ఆడవాళ్ళు పాలమూరు నుంచీ, శ్రీకాకుళం నుంచీ, ఒడిశా నుంచీ వస్తారు. అంతస్తు అంతస్తుకీ బాత్‌రూమ్‌లు కట్టే వీళ్ళకి, తాముండే రేకుల షెడ్ల దగ్గర సరైన దొడ్డి ఉండని చోట్లు ఇంకా ఉన్నాయి.

"పొద్దంత నీళ్ళు తక్కువే తాగుతమమ్మా. తాగితే యాడికి పోవాలె?" అంది ఒకామె నాతో. చీకటి పడ్డాకే రాళ్ళ చాటుకో, ముళ్ళపొదల చాటుకో వెళ్ళాలట. అక్కడ పాము భయం కంటే మనిషి భయమే ఎక్కువ!

నీళ్ళు తాగకుండా, మూత్రం ఆపుకుంటూ ఉంటే ఇన్‌ఫెక్షన్ వస్తుంది. మంటతో మొదలై, ముదిరితే మూత్రపిండాల దాకా పాకుతుంది. గర్భిణులకైతే నెలలు నిండకుండానే కాన్పయ్యే ప్రమాదం ఉంది.

ఇక ఆరుబయట వదిలిన మలం ఈగల కాళ్ళతో అన్నంలోకీ, వానతో నీళ్ళలోకీ చేరుతుంది. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు అలా వచ్చేవే. మట్టిలోని కొంకిపురుగు పిల్లలు ఉత్తకాళ్ళ చర్మంలోంచి దూరి, పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. అసలే రక్తం తక్కువున్న ఆడవాళ్ళు మరింత నీరసించిపోతారు. పైగా ఈగలకు అపార్ట్‌మెంట్ గేటు అడ్డం కాదు సుమా!

2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలయ్యాక ఎన్నో ఊళ్ళలో ఇంటింటా దొడ్లు వచ్చాయి. కానీ ఊళ్ళో కట్టుకున్న దొడ్డి వలస వచ్చిన చోట అక్కరకొస్తుందా? అందుకే పనిచోట సరిపడా మరుగుదొడ్లు కట్టించే బాధ్యత యజమానిదేనని 1996లోనే భవన నిర్మాణ కార్మికుల చట్టంలో రాశారు.

ఫ్లాటు చూడబోయినప్పుడు వాకిలి ఏ దిక్కుకుంది, లిఫ్టులెన్ని, కారు ఎక్కడ పెట్టాలి అని అడుగుతాం కదా! కూలి ఆడవాళ్ళకు గడియ పడే తలుపు, లైటు, నీళ్ళు ఉన్న దొడ్డి ఎక్కడుందో కూడా అడుగుదాం. చూపించమందాం. కొనేవాళ్ళ మాటను బిల్డర్లు అంత తేలిగ్గా తీసెయ్యరు. మనింటికే మరమ్మతుకు కూలి ఆడవాళ్ళు వస్తే, వాళ్ళు నోరు తెరిచి అడిగేదాకా ఆగకుండా బాత్‌రూమ్ ఎటువైపో మనమే చెబుదాం.