మోకాలి లోతు సంపద

పట్టిన చేపను వదిలేసే వేటకు ప్రపంచం లక్షలు పోస్తోంది. అదే కొలతతో కొలిస్తే టెక్కలి, నౌపడ తంపరల ఖరీదెంత?

హిందూ మహాసముద్రంలో సీషెల్స్ దేశానికి చెందిన ఆల్ఫాన్స్, కాస్మొలెడో దీవులకు ఏటా కొందరు బృందాలు కట్టుకుని వస్తారు. వారం రోజులకు ఒక్కొక్కరికీ అయ్యే ఖర్చు పదివేల డాలర్ల పైమాటే. పొద్దున్నే చిన్న పడవల్లో బయల్దేరి, ఇసుక మేటల మీద మోకాలి లోతు నీళ్లలో దిగుతారు. ఈకలు, దారాలు, వెంట్రుకలతో అచ్చం రొయ్యలానో పీతలానో కట్టిన ఎరను గాల్లో ముందుకీ వెనక్కీ ఊపి, కంటికి కనిపించిన చేప ముందు పడేలా విసురుతారు. దీన్నే ఫ్లై ఫిషింగ్ అంటారు. చేప చిక్కితే ఫొటో తీసుకుని, ముల్లు ఊడదీసి, మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. సాయంత్రం ఒడ్డుకు చేరిన పడవలో ఒక్క చేపా ఉండదు. భావనపాడులో వల దులిపి కవళ్లు గంపకెత్తే జాలరికి ఈ సంగతి చెబితే, కూరకు రాని వేట ఏం వేటని నవ్వుతాడు. ఆ నవ్వులో న్యాయం ఉంది.

అయితే వాళ్లు కొంటున్న సరుకేమిటో చూడాలి. చేప ఇంటికి రాదు కనుక ఆ డబ్బు చేప ఖరీదు కాదు. పల్చటి నీటికి, దాని అడుగున పెరిగే గడ్డికి, ఒడ్డున నిలిచిన మడచెట్లకు, ఆ నీటి గుట్టు తెలిసిన మనిషికి కలిపి కట్టిన అద్దె అది. లోతు లేని ఉప్పునీటి బయలును పూడ్చకుండా, తవ్వకుండా, ఉన్నదున్నట్టు నిలబెట్టినందుకు ఏటేటా వచ్చే కౌలు. ఈ కొలత పట్టుకుని శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరానికి వస్తే ఒక విడ్డూరం కనిపిస్తుంది. అక్కడ అద్దె తెచ్చిపెడుతున్న రకం నేలకే ఇక్కడ మన కాగితాలు బంజరు అని పేరు పెట్టాయి. ఉద్దానానికి ఫ్లై ఫిషింగ్ తెచ్చుకోమని ఈ వ్యాసం చెప్పబోవడం లేదు. ఆ వేట నేర్పిన లెక్కను తెచ్చుకోవాలన్నదే దీని వాదన.

వదిలేస్తేనే రాబడి

వేటగాళ్లు ఫ్లాట్స్ అని పిలిచే ఈ బయళ్లలో పోటుకు మోకాలి దాకా నీళ్లుంటాయి, ఆటుకు తడి ఇసుక తేలుతుంది. ఎండ అడుగు దాకా దిగుతుంది కాబట్టి సముద్రపు గడ్డి పెరుగుతుంది. గడ్డిలో రొయ్య పిల్లలు, పీతలు తలదాచుకుంటాయి. వాటికోసం పోటు వెంటే పెద్ద చేపలు లోపలికి వస్తాయి. వాటిలో పేరున్నది బోన్‌ఫిష్. పేరులోనే ముళ్లున్న ఈ చేప కూరకు అంతంతమాత్రమే. కానీ ఇరవై ఏళ్ల దాకా బతకగలదు. వండుకుంటే ఒక పూట గడుస్తుంది, వదిలేస్తే ఏళ్ల తరబడి దానికోసం మనుషులు వస్తూనే ఉంటారు. ఈ లెక్క తెలిసిన బెలీజ్ 2009లో బోన్‌ఫిష్, పర్మిట్, టార్పన్ అనే మూడు రకాలను పట్టినవారు తిరిగి వదలాల్సిందేనని చట్టం చేసింది. బహామాస్‌కు ఈ వేట వల్ల ఏటా సుమారు 14 కోట్ల డాలర్ల లబ్ధి ఉందని 2010లో వెలువడిన అధ్యయనం అంచనా కట్టింది. 2015లో ఆ దేశం ఈ చేపలు తిరిగే నీళ్లలో కొన్నిటిని జాతీయ పార్కుల్లో చేర్చింది. అంతకుముందు ఎవరి లెక్కలోనూ లేని మోకాలి లోతు నీళ్లకు, డబ్బు అంకె ఒకటి పక్కన చేరాక, ప్రభుత్వంలో ఒక గొంతు వచ్చింది.

ఈ వ్యాపారంలో మనవాళ్లు గమనించాల్సిన మనిషి గైడు. పడవ వెనక ఎత్తైన పీట మీద నిలబడి, గెడ వేస్తూ, నీటి రంగులో తేడాను బట్టి చేపను ముందుగా పసిగట్టేది అతనే. అతను చెప్పిన దిక్కుకే ఎర పడుతుంది. ఎంత ఖరీదైన గాలపు కర్రయినా ఆ చూపు లేకుంటే దండగ. ఆ చూపు మన తీరానికి కొత్త కాదు. నీటి మీద మెరుపును బట్టి కవళ్ల గుంపును, గాలి మళ్లడాన్ని బట్టి తిరిగి రావాల్సిన వేళను చెప్పగల తండేళ్లు, అంటే పడవ పెద్దలు, ఈ ఊళ్లలో ఉన్నారు. ఆ విద్యకు ఇక్కడ ధర పలకకే వాళ్లు దేశం అవతలి ఒడ్డున గుజరాత్‌లోని వెరావల్‌కు కూలి వేటకు వెళ్తున్నారు. 2018 నవంబరులో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ వాఘా దాటి ఇటు రాలేకపోయారు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాకు మూలం ఆ కథే. 193 కిలోమీటర్ల తీరమున్న శ్రీకాకుళం జిల్లా మనుషులు వేటకోసం అరేబియా సముద్రానికి పోవడమే ఈ చర్చలో మొదటి సాక్ష్యం.

బంజరన్న కాగితం

టెక్కలికి దిగువన, సంతబొమ్మాళి మండలంలో నౌపడ, కాకరాపల్లి చుట్టూ పరుచుకున్న నీటి నేలను స్థానికులు తంపర అంటారు. సోంపేట దగ్గర అలాంటి నేల పేరు బీల. భావనపాడు వద్ద సముద్రాన్ని కలిసే టెక్కలి క్రీక్ గుండా పోటు నీరు లోపలికి వస్తుంది. వానాకాలంలో ఎగువ నుంచి మంచినీరు దిగుతుంది. రెండు నీళ్లూ కలిసే చోట చేప పిల్ల ఎదుగుతుంది, రొయ్య ఎదుగుతుంది, ఎండాకాలంలో ఉప్పు పండుతుంది. నౌపడ ఉప్పు పేరు పాతది. అక్కడి నుంచి పర్లాకిమిడికి 1900 నాటికే చిన్న రైలు నడిచింది. టెక్కలి మండలం తేలినీలాపురంలో ఏటా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్లు కట్టి గుడ్లు పొదుగుతాయి. సైబీరియా నుంచి వస్తాయని జనం నమ్మిక. నిజానికి ఈ రెండూ దక్షిణాసియా పక్షులే. అవి ఎంత దూరం నుంచి వచ్చాయన్నది పెద్ద విషయం కాదు. పిల్లల నోటికి అందించే చేపను ఎక్కడి నుంచి తెస్తున్నాయన్నదే అసలు విషయం. ఆ చేప నౌపడ తంపరది.

ఇంత బతుకు నడుస్తున్న నేల విద్యుత్ కేంద్రాల కాగితాల్లో పనికిరాని నేలగా మారింది. సోంపేట బీలలోనూ, కాకరాపల్లి తంపరలోనూ 2,640 మెగావాట్ల చొప్పున బొగ్గు విద్యుత్ కేంద్రాలు తలపెట్టారు. 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. సోంపేటలో కాల్పులు జరిగిన రోజే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అక్కడి అనుమతిని రద్దు చేసింది. బీలలో నీరుందని, పైరుందని, చేపుందని ఊళ్లోవాళ్లు మొదటి నుంచీ చెబుతున్నదే అక్కడ చెల్లింది. బహామాస్‌లో అధ్యయనం చేసిన పనిని ఇక్కడ శవాలు చేయాల్సి వచ్చింది. తంపర విలువను ముందుగా అంకెల్లో రాసి పెట్టుకున్న ప్రభుత్వం ఏదైనా ఆ నేలను బంజరని రాయగలిగేదా?

అంకె ఉంటే ఏం జరుగుతుందో చూడటానికి దీవుల దాకా పోనక్కర్లేదు. ఇచ్ఛాపురం దాటితే చిలికా ఉంది. ముఖద్వారం పూడుకుపోయి, ఉప్పు తగ్గి, గుర్రపుడెక్క పెరిగి చిలికా చచ్చిపోతున్నప్పుడు, 1993లో దాన్ని ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచారు. అప్పటిదాకా ఏడాదికి రెండు వేల టన్నుల లోపు దిగజారిన చేపల రాబడి కొద్ది ఏళ్లలోనే పది వేల టన్నులు దాటింది. 2002లో చిలికా ఆ జాబితా నుంచి బయటపడింది. ఆ సరస్సు ఒడ్డునే మంగళాజోడి అనే ఊళ్లో ఒకప్పుడు పక్షుల్ని చంపి అమ్మినవాళ్లు ఇప్పుడు పడవ నడిపి వాటిని చూపిస్తున్నారు. వేటగాడి కన్ను అదే, గెడ అదే. పక్షి బతికుంటేనే వాళ్లకు కూలి గిట్టేలా లెక్క మారింది.

ఎదురు ప్రశ్నలు

మొదటి అభ్యంతరం ప్రకృతి నుంచే వస్తుంది. పగడపు దీవుల్లో నీరు అద్దంలా ఉంటుంది, చేప కనిపిస్తుంది. మన తీరంలో నదులు తెచ్చిన మట్టితో నీరు కలకబారి ఉంటుంది. ఒడ్డునే కెరటం విరుగుతుంది. ఇక్కడ చేపను చూసి ఎర విసరడం కుదరదు. ఇది ఒప్పుకోవాల్సిందే. మన దేశంలో పట్టి వదిలే వేట పడవలు నడుస్తున్నది అండమాన్ లాంటి చోట్ల. అక్కడి జంగ్లీఘాట్‌లో తెలుగు మత్స్యకారులే తరాలుగా స్థిరపడ్డారు. కాబట్టి పోల్చాల్సింది వేట పద్ధతిని కాదు, నీటి నేలకు విలువ కట్టే పద్ధతిని. తంపర అద్దె మరో రూపంలో రావచ్చు. తేలినీలాపురం పక్షులు, ఈ ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లు, క్రీక్‌లో చేప పిల్లలు ఎదిగి సముద్రంలో వలకు చిక్కడం, ఇవన్నీ ఆ పద్దులోకే వస్తాయి.

రెండో అభ్యంతరం నీతికి సంబంధించింది. ఆకలికి చేపను చంపడం సరే, సరదాకి ముల్లు గుచ్చి వదలడం ఏం పుణ్యం? ఈ మాటకు తేలిగ్గా జవాబు చెప్పకూడదు. వదిలిన చేపలన్నీ బతకవు. నీటి బయట ఎక్కువసేపు పట్టుకుంటే నీరసించి సొరల పాలవుతాయని బహామాస్‌లో చేసిన పరిశోధనలే చెప్పాయి. అందుకే అక్కడ ఎదురు మొన నొక్కేసిన ముల్లు వాడమని, చేపను నీళ్లలోనే ఉంచమని సూచనలు వచ్చాయి. ఆ సరదా మనకు నచ్చకపోవచ్చు. దాని వెనకున్న నిగ్రహం మాత్రం మన మత్స్యకారులకు కొత్త కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు సముద్రంలోకి పోకుండా ఆగుతున్నాయి. గుడ్డు పెట్టే చేపను వదిలేసి, తర్వాత పట్టుకోవడమే అది. తేడా ఒక్కటే. దీవుల్లో వదిలినందుకు వేటగాడు డబ్బిస్తాడు, ఇక్కడ వదిలినందుకు జాలరి పస్తుండి, ప్రభుత్వమిచ్చే భృతి కోసం ఎదురుచూస్తాడు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బలమైంది. పర్యాటకం వస్తే ఒడ్డు రిసార్టులదవుతుంది, జాలరి తన తీరంలోనే కాపలాదారు అవుతాడు. ఈ భయం ఊహ కాదు. బహామాస్‌లోనే బయటివాళ్ల లాడ్జీలకూ స్థానిక గైడ్లకూ మధ్య ఘాటైన వాదం నడిచింది. 2017లో అక్కడ విదేశీ వేటగాళ్లకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ నియమాలు తెచ్చారు. అంటే హక్కు ముందు రాసుకోవాలి, అతిథిని తర్వాత పిలవాలి. మనకు ఆ పునాది కొంత ఉంది. రాష్ట్ర సముద్ర మత్స్య చట్టం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల నీటిని సంప్రదాయ పడవలకే కేటాయించింది. ఆ తర్కాన్ని క్రీక్‌కూ తంపరకూ పొడిగించి, పడవ నడిపే, పక్షుల్ని చూపే, రుసుము వసూలు చేసే హక్కు మత్స్యకార సంఘాలకే ఇస్తే జాలరి స్థానం చెదరదు. పలాస జీడిపప్పుకు పేరొచ్చిందంటే పిక్క ఒలిచే చెయ్యి, బట్టీ, బజారు మూడూ ఆ ఊళ్లోనే ఉండబట్టి. నీటి నేలకూ అదే సూత్రం వర్తిస్తుంది.

రేవు వస్తున్న వేళ

చివరి ప్రశ్న అభివృద్ధిది. సంతబొమ్మాళి మండలం మూలపేటలో రూ.4,362 కోట్ల అంచనాతో రేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. వలసపోయే జిల్లాకు రేవు రావద్దనడం ఏసీ గదుల మాట అవుతుంది. మూత్రపిండాల వ్యాధితో కుంగిన ఉద్దానానికి కూలి దొరకడం ఆస్పత్రి ఎంత అవసరమో అంత అవసరం. అయితే రేవు ఒంటరిగా రాదు. వెనకే గోదాములు, రోడ్లు, పరిశ్రమలు వస్తాయి. అవన్నీ చవగ్గా దొరికే నేలకోసం చూస్తాయి. బంజరని రాసి ఉన్న తంపర కన్నా చవకైన నేల వాటికి దొరకదు. ఒకే ఆధారం మీద బతకడం ఎంత ప్రమాదమో 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను చెప్పింది. ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కొబ్బరి మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. వరద నీటిని తనలోకి తీసుకునే తంపర మాత్రం మరుసటి పోటుకే పనిలో పడుతుంది. అలాంటి ఆధారాన్ని పూడ్చి రేవుకు అప్పగించడం ఆస్తి అమ్మి అప్పు తీర్చడం లాంటిది. రేవు రానివ్వండి. మిగిలిన తంపరను మాత్రం ముందు కొలవండి, ఎంత చేప పండుతోందో, ఎంత ఉప్పు, ఎంత మేత, ఎన్ని గూళ్లో రాయండి. ఆ తర్వాత ధర అడగండి.

ఆ కొలత మొదలుపెట్టడానికి విదేశీ నిపుణులు అక్కర్లేదు. తేలినీలాపురంలో జనం పక్షులు వస్తే ఊరికి మంచిదని నమ్మి, వాకిట్లో రెట్ట పడ్డా, చేపల కంపు కొట్టినా తరాలుగా వాటిని కదిలించలేదు. టిక్కెట్టు లేకుండానే వాళ్లు నడిపిన కాపుదల అది. చెట్టు మీద ఈ ఏడు ఎన్ని గూళ్లున్నాయో ఆ ఊళ్లో పిల్లలూ చెబుతారు. నౌపడలో నీరు తగ్గితే ముందుగా ఖాళీ అయ్యేది ఆ గూళ్లే. రెవెన్యూ పుస్తకంలో తంపర గడి ఖాళీగా ఉన్నంత కాలం, దాని లెక్క ఆ చెట్ల మీద మాత్రమే రాసి ఉంటుంది.