అరికాలి మచ్చకూ గుండెకూ ఏమిటి సంబంధం?



రక్తప్రసరణ పాఠం చెప్పేటప్పుడు పిల్లలు తరచూ అడుగుతారు: "గుండెకు క్యాన్సర్ రాదా మేడమ్?" గుండెలోనే పుట్టే క్యాన్సర్ చాలా అరుదు. వేరేచోట పుట్టి అక్కడికి పాకేదే ఎక్కువ. అలా పాకే గుణం బాగా ఉన్నది, మీరు ఊహించి ఉండరు, చర్మానికి వచ్చే మెలనోమాకు.

చర్మానికి రంగునిచ్చే కణాలు అదుపు తప్పి పెరిగితే అది మెలనోమా. పైపొరలో ఉండగానే కోసి తీసేస్తే చాలావరకు నయమైపోతుంది. లోపలికి దిగి రక్తనాళాలను అందుకుందంటే మాత్రం ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు, గుండె, ఎక్కడికైనా వెళ్తుంది. ఒళ్ళంతా పాకిన మెలనోమాతో చనిపోయినవారికి శవపరీక్ష చేస్తే, కొన్ని పరిశీలనల్లో సగానికి పైగా మందికి గుండెలోనూ కనిపించింది. గుండె మీద నల్లటి మచ్చలు ఉండటంతో డాక్టర్లు దాన్ని 'బొగ్గు గుండె' అన్నారు. బతికుండగా చాలామందిలో ఏ లక్షణమూ బయటపడదు. కొందరికి ఆయాసం, గుండెదడ వస్తాయి, గుండె చుట్టూ నీరు చేరుతుంది. అప్పుడు ఎకో, ఎంఆర్ఐ తీస్తే తెలుస్తుంది.

"అది తెల్లవాళ్ళ జబ్బు కదా" అనుకోకండి. మనలో తక్కువే, నిజమే. కానీ మనకు వచ్చినప్పుడు ఎక్కువగా ఎండ తగలని చోటే వస్తుంది: అరికాలు, అరచెయ్యి, గోరు కింద. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు బొటనవేలి గోరు కింద వచ్చింది. ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. 1977లో సంగతి తెలిసినా వేలు తీయించుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. 1981లో, 36 ఏళ్ళకే చనిపోయారు. ఇప్పుడు ఇమ్యునోథెరపీ ఉంది. దానికి దారి వేసిన ఇద్దరు శాస్త్రవేత్తలకు 2018లో నోబెల్ కూడా ఇచ్చారు. అయినా తొందరగా చూపించుకోవడమే తేలిక, ఖర్చూ తక్కువ.

పిల్లల్లో ఇది చాలా అరుదు. మీ పాప బుగ్గమీది పుట్టుమచ్చ చూసి కంగారు పడొద్దు. నేను అడుగుతున్నది ఇంట్లో పెద్దవాళ్ళ పాదాల గురించి. అమ్మమ్మ, తాతయ్యల అరికాళ్ళు ఎవరు చూస్తున్నారు? పెరుగుతున్న మచ్చ, అంచులు వంకరగా ఉండి రంగు మారుతున్న మచ్చ, మానని పుండు, గోరులో నిలువుగా వెడల్పవుతున్న నల్ల చార కనిపిస్తే చర్మ డాక్టర్‌కు చూపించండి. దెబ్బ తగిలిన నలుపైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది. జరగకుండా పక్క చర్మానికి పాకితే ఆగొద్దు. ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కడం, పసరు పూయడం మాత్రం వద్దు. డాక్టర్ చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపిస్తారు.