కోట ఎక్కే ముందు ఒక్క మాట

"సగం పూటేగా! ఉదయగిరి కోట చూసి భోజనాల వేళకు బోగోలు వచ్చేస్తాం" అని కారు మాట్లాడుకుని వెళ్ళిన ఒక కుటుంబం, మధ్యాహ్నానికి పెద్దాయనను మోసుకుని నా దగ్గరకు వచ్చింది. బయలుదేరడమే ఆలస్యమై, పదకొండు గంటల ఎండలో కొండ ఎక్కారట. దారిలో ఆయన పొంతన లేకుండా మాట్లాడుతుంటే అలసట అనుకున్నారు. అది అలసట కాదు, వడదెబ్బ. వేళకు తెచ్చారు గనుక దక్కారు.

1514లో కృష్ణదేవరాయలంతటివాడు నెలల తరబడి ముట్టడించి గజపతుల నుంచి గెలిచిన గిరిదుర్గమది. మనకెందుకండీ అంత తొందర?

వేసవిలో ఈ ప్రయాణం మానండి. మిగతా రోజుల్లోనైనా తెల్లవారుతూనే ఎక్కి, ఎండ ముదరకముందే దిగండి. గుండెజబ్బు ఉన్నవారు తమ డాక్టరును అడగనిదే ఎక్కకూడదు. మధుమేహానికి మందులు వాడేవారు ఖాళీ కడుపుతో వెళ్ళరాదు. జేబులో పంచదార ఉంచుకోవాలి. లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి కలిపి, దాహం వేయకముందే కొద్దికొద్దిగా తాగుతుండండి.

ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్ళు పోసి విసరండి. 108కి ఫోను చేయండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి. జ్వరం మాత్ర దీనికి పనిచేయదు.

ఆయాసం వస్తే సగంలో దిగిరావడం నామోషీ కాదు. కోట ఎక్కడికీ పోదు!