మధ్యలో మానేసిన డ్రైవరుకు మళ్లీ లారీ ఇస్తారా?

విజయవాడ : లైసెన్సు వుంది. చేతికి పని వచ్చు. లారీ ఇచ్చేవారే లేరు. ఒకచోట రెండేళ్లు, ఇంకొకచోట ఆరు నెలలు చేసి, ఆ తరువాత ఏడాదిన్నర ఇంటిపట్టున వుండిపోయిన డ్రైవరు ఆటోనగర్‌కు వెళ్లి పని అడిగితే మొదటి ప్రశ్న ఒక్కటే - "ఇన్నాళ్లూ ఏం చేశావు?" జవాబు తడబడిందంటే "కబురు చేస్తాంలే" అంటారు. ఆ కబురు రాదు.

మన పల్లెల్లో ఇలాంటివారు వున్నారు. తల్లికి జబ్బు చేస్తే బండి దిగి వచ్చేసినవారు, జీతం బాకీ పెట్టిన యజమానిని వదిలేసినవారు, గల్ఫుకు వెళ్లి తిరిగి వచ్చినవారు, 2020 లాక్‌డౌన్‌లో బండ్లు ఆగిపోతే కూలిపనికి మళ్లినవారు. వీరిలో పని చేతకానివారు కాదు, పని తెగిపోయినవారే ఎక్కువ.

చెన్నై-కలకత్తా రోడ్డు, హైదరాబాద్-మచిలీపట్నం రోడ్డు కలిసే వూరు విజయవాడ. జగ్గయ్యపేట సిమెంటు, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద, నూజివీడు మామిడి, గుంటూరు మిర్చి - అన్నీ లారీ ఎక్కవలసిందే. బండికి డ్రైవరు కావాలి, డ్రైవరుకు బండి కావాలి. మధ్యలో అడ్డం పడేది నమ్మకం.

యజమాని భయం ఏమిటి?

లారీ చాలావరకు ఫైనాన్సు మీద కొన్నది. బండి నిలబడినా నెల వాయిదా ఆగదు. డ్రైవరు దారిలో ఏదో ధాబా దగ్గర బండి వదిలేసి బస్సెక్కి వస్తే, లోడు ఆలస్యమవుతుంది, ఇంకో డ్రైవరును అంతదూరం పంపవలసి వస్తుంది, కిరాయిలో కోత పడుతుంది. ఇక ప్రమాదం జరిగినప్పుడు డ్రైవరుకు ఆ తరగతి బండికి చెల్లే లైసెన్సు లేదని తేలితే, బీమా కంపెనీ బాధితులకిచ్చిన సొమ్మును యజమాని నుంచి రాబట్టుకునే వీలున్నది.

అందువల్ల యజమాని చూసేది ఎన్ని నెలలు ఖాళీగా వున్నాడని కాదు, ఎందుకు మానేశాడని. చెప్పుకోదగిన కారణం వుంటే ఖాళీ పెద్ద లోపం కాదు. కారణం చెప్పలేని ఖాళీయే అనుమానం పుట్టిస్తుంది.

ముందు లైసెన్సు సరిచూసుకోండి

పని అడగబోయేముందు లైసెన్సులో ట్రాన్స్‌పోర్టు గడువు ఎంతవరకు వున్నదో చూసుకోవాలి. 2019 సవరణ తరువాత ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకు 5 ఏళ్ల గడువు ఇస్తున్నారు. గడువుకు ఏడాది ముందునుంచీ, దాటిన తరువాత ఏడాది లోపునా రెన్యూవల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఏడాది కూడా దాటితే మళ్లీ డ్రైవింగు పరీక్ష పాసు కావలసిందే. గడువు ముగిశాక రెన్యూవల్ అయ్యేవరకు బండి తోలరాదు. డాక్టరు సర్టిఫికెట్ కూడా సిద్ధం చేసుకోవాలి. పెట్రోలు, గ్యాసు వంటి ప్రమాదకర సరుకు తోలాలంటే విడిగా శిక్షణ, లైసెన్సులో దాని నమోదు వుండాలి.

కొత్తగా ఈ దారి పట్టే కుర్రవాళ్లకు ఒక మాట. ట్రాన్స్‌పోర్టు బండి తోలడానికి 20 ఏళ్లు నిండాలి. కారు లైసెన్సు తీసుకుని ఏడాది అయితేనే ట్రాన్స్‌పోర్టు ఎల్లెల్లార్ ఇస్తారు. గుర్తింపు వున్న డ్రైవింగు స్కూలు సర్టిఫికెట్ కూడా అడుగుతారు. ఎనిమిదో తరగతి పాసు కావాలన్న నిబంధనను 2019లో ఎత్తివేశారు. వేరే రాష్ట్రం పేరుతో వారం రోజుల్లో హెవీ లైసెన్సు ఇప్పిస్తామనే బ్రోకర్ల మాట నమ్మరాదు. లైసెన్సు నంబరు, పుట్టినతేదీ కొడితే అసలుదో నకిలీదో సెల్‌ఫోనులోనే తేలిపోతుంది.

ఏం చెప్పాలి?

వున్నది వున్నట్టు, రెండు మాటల్లో చెప్పడం మేలు. "నాన్నకు ఆపరేషను, ఏడాది ఇంటివద్ద వున్నాను, ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు" అంటే చాలు. మళ్లీ అదే కారణంతో మానేయనని యజమానికి అర్థం కావాలి. పాత యజమానిని తిట్టవద్దు. రేపు మననూ ఇలాగే తిడతాడని కొత్త యజమాని అనుకుంటాడు.

అబద్ధం అసలే పనికిరాదు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గుమస్తాలు, బ్రోకర్లు, మెకానిక్కులు ఒకరికొకరు తెలిసినవారు. ఉదయం చెప్పిన అబద్ధం సాయంత్రానికి ఫోనులో బయటపడుతుంది. ప్రమాదం కేసు వుంటే ముందే చెప్పాలి. కోర్టు కొట్టివేసివుంటే ఆ తీర్పు నకలు చూపాలి. తాగుడు కారణంగా పని పోయినవారు, ఇప్పుడు మానేశామని నోటితో చెబితే నమ్మరు. తమ వూరివారెవరైనా హామీ వుండాలి.

చూపడానికి ఏం వుండాలి?

చాలామందికి పాత పనికి కాగితం ముక్క వుండదు. అయినా దారి వున్నది. ఒక నోటుపుస్తకంలో ఏ నెలనుంచి ఏ నెలవరకు, ఏ నంబరు లారీ, ఎవరి బండి, ఏ లైను అని వరుసగా రాసుకోవాలి. యజమాని ఫోను నంబరు పక్కనే వుండాలి. జీతం బ్యాంకులోనో ఫోనులోనో పడివుంటే ఆ జమలే సాక్ష్యం. ఒక్క పాత యజమాని అయినా "బండి అప్పజెప్పి, లెక్క తేల్చి వెళ్లాడు" అంటే అది పది సర్టిఫికెట్ల పెట్టు.

ఏ తలుపు తట్టాలి?

ఖాళీ తరువాత నేరుగా లైను లారీయే కావాలంటే కష్టం. టిప్పర్లు, ఇటుకబట్టీల బండ్లు, సిమెంటు గోడౌను లోకల్ ట్రిప్పులు ముందు చూడాలి. దూరపు లారీకి రెండో డ్రైవరుగా వెళ్లినా మంచిదే. మామిడి సీజనులో, ధాన్యం కొనుగోళ్ల రోజుల్లో బండ్లకు గిరాకీ పెరుగుతుంది. ఎవరి బండికి డ్రైవరు లేడో ఆటోనగర్‌లో మెకానిక్కులకు ముందు తెలుస్తుంది. వారిని అడగాలి.

యజమాని పక్కన కూర్చుని కొంతదూరం తోలించి చూస్తాడు. స్టీరింగు పట్టకముందే పరీక్ష మొదలైనట్టు లెక్క. బండి చుట్టూ తిరిగి టైర్లు, లైట్లు, ఆయిలు చూశాడా, గాలి నిండాకనే కదిపాడా, రివర్సులో దిగి చూశాడా అని గమనిస్తారు.

మానేసిన కాలంలో బండి కూడా మారిపోయింది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీయెస్-6 బండ్లలో డీజిలుతోపాటు యూరియా ద్రావణం పోయాలి. అది అయిపోతే ఇంజను లాగదు. 2021 ఫిబ్రవరి నుంచి టోలుగేట్లలో ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. ఈ-వే బిల్లుకు 200 కిలోమీటర్లకు ఒకరోజు చొప్పున గడువు పెట్టారు. గడువు దాటినా, దారిలో బండి మార్చి నంబరు మార్చకపోయినా జరిమానా పడుతుంది. ఈ సంగతులు తెలిసిన డ్రైవరును, ఖాళీగా వున్నా పని మరవలేదని అనుకుంటారు.

అడ్వాన్సు జాగ్రత్త

అవసరంలో వున్నవాడికి అడ్వాన్సు ఆశ చూపేవారున్నారు. పెద్దమొత్తం తీసుకుంటే అది తీరేవరకు బండి దిగే వీలుండదు. దిగితే పాత ఖాళీకి తోడు కొత్త బాకీ. జీతం ఎంత, బత్తా ఎంత, పంక్చరు, చలానా ఎవరి ఖర్చు అనేవి ముందే కాగితం మీద రాసుకోవాలి. ఒరిజినల్ లైసెన్సును తాకట్టుగా ఇవ్వరాదు, జిరాక్సు ఇస్తే చాలు. ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టరాదు.

నిద్ర సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు పెట్టింది. రోడ్డు మీద ఆ లెక్క ఏనాడూ సరిగా సాగలేదు. పని దొరికిందన్న సంతోషంలో రెండు రాత్రులు వరుసగా తోలి ప్రమాదం తెచ్చుకుంటే ఆ తరువాత ఏ హామీ పనిచేయదు.

మొదటి ఏడాది ముఖ్యం

దొరికిన బండి చిన్నదైనా, జీతం కొంత తక్కువైనా ఏడాది పాటు వదలకుండా చేయడం అవసరం. ఆ ఏడాది నిండితే వెనుకటి తెగిన నెలల గురించి అడిగేవారు తగ్గిపోతారు. మానవలసి వస్తే పదిహేను రోజుల ముందు చెప్పి, బండిని యజమాని ఇంటివద్దే నిలిపి, తాళాలు, డీజిలు లెక్క అప్పజెప్పి, బాకీ తేల్చుకుని రావాలి. తరువాతి యజమాని ఫోను చేసేది అక్కడికే.