నకలు రివాల్వరు – దాని విలువ

తెలుగు పంతులునకు తుపాకులతో నేమి పని యని పాఠకమహాశయులు శంకింపవచ్చును. కారణము చెప్పెదను. బెంగుళూరు కోటప్రాంతమున టిప్పు సుల్తాను నాటి ఆయుధాగారమును మా బడిపిల్లలకు చూపుచుండగా ఒక విద్యార్థి, "మాస్టారూ, మా యింట గోడకు వ్రేలాడు ఆరుగుండ్ల రివాల్వరు టిప్పు కాలపుదని అమ్మినాయన చెప్పినాడటండీ, నిజమేనా?" అని యడిగెను. తండ్రి దానికై పెద్ద మొత్తమే చెల్లించెనని తరువాత తెలిసినది.

టిప్పు 1799లో మరణించెను. ఆయన సైనికులవి చెకుముకి తుపాకులు. పేలుడు టోపీతో పనిచేయు తుపాకులు పందొమ్మిదవ శతాబ్దమున గాని పుట్టలేదు. శామ్యూల్ కోల్టు తన రివాల్వరునకు అమెరికాలో పేటెంటు పొందినది 1836లో. సుప్రసిద్ధమైన ఆయన 'నేవీ' రివాల్వరు 1851 నాటిది. కావున ఆ అమ్మకపుమాట కేవలము కల్ల.

ఈ రివాల్వరులకు నేటివలె తూటాలు లేవు. తిరుగుడు గొట్టములోని ఒక్కొక్క అరలో ముందువైపునుండి నల్లమందు పోసి, సీసపుగుండు దిగగొట్టి, వెనుక టోపీ తొడుగవలెను. నల్లమందనగా సూరేకారము 75, బొగ్గు 15, గంధకము 10 పాళ్ల మిశ్రమము. దాని మసి తేమను పీల్చి యినుమును తినివేయును. అందుచేతనే ఒకసారియైనను పేల్చని నకలునకు వెల యెక్కువ.

అమెరికా అంతర్యుద్ధము ముగిసి నూరేండ్లు కావచ్చిన కాలమున వీని నకళ్లకు గిరాకి పెరిగెను. ఇటలీలోని గార్డోనే వాల్ ట్రోంపియా పట్టణమున 1959లో నెలకొన్న ఉబెర్టీ సంస్థ ఇందు పేరొందినది. ఇటలీ నకలుపై పరీక్షాశాల ముద్రయు, తయారైన యేటిని తెలుపు సంకేతాక్షరములును ఉండును. 'ఏఏ' యనగా 1975. కోల్టు సంస్థయే 1971 నుండి తన పేరుతో వెలువరించిన నకళ్లు ఇతరుల నకళ్లకంటె ప్రియముగా అమ్ముడుపోవును. ముద్రలు చెక్కుచెదరకుండుట, అసలు పెట్టెయు పత్రములును ఉండుట, భాగములపై సంఖ్యలు సరిపోవుట – వెల కట్టువారు చూచునవి యివియే. ముద్రలను అరగదీసి, కృత్రిమముగా తుప్పు పట్టించినచో అది నకలు గాక మోసమగును.

మన దేశమున మరియొక జాగ్రత్త యవసరము. 1959 ఆయుధచట్టము ప్రకారము మరమ్మతు చేసినను పేలని పురాతనాయుధములకే మినహాయింపు. పేలగల నకలు, రూపమున ఎంత పాతదైనను, లైసెన్సు లేక ఉంచుకొనరాదు. 1972 పురావస్తుచట్టము సాధారణముగా నూరేండ్లు నిండిన వస్తువును పురావస్తువుగా నెంచును. నిన్నమొన్నటి నకలునకు ఆ గౌరవము చెల్లదు.

బ్రౌను దొర కడపలో పండితులచే తాళపత్రగ్రంథములకు శుద్ధప్రతులు వ్రాయించెను. అవి ప్రతులని యెవరును దాచలేదు. కనుకనే నేటికిని పూజ్యములు. ఆ విద్యార్థికి నేను చెప్పిన దింతే: "నాయనా, నకలు కావడము తప్పు కాదు. తన పుట్టుక దాచుటయే తప్పు. మొదట ముద్ర చూడుము. ఆ పిమ్మటనే వెల అడుగుము."