పండవానీ చెవికి మాత్రమేనా?

పాట చెవిది, బొమ్మ కంటిది, మెదడులో దేని గది దానిదే అన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. దాంతో కథాగానంలో అడుగు, అభినయం, చేతిలోని వాద్యం పైమెరుగులేననీ అసలు కళంతా గొంతులోనే ఉందనీ వాదించేవారు కనిపిస్తారు. భిలాయి దగ్గరి గనియారిలో పుట్టి, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేస్తూ, ఛత్తీస్‌గఢ్ మహాభారత కథాగానమైన పండవానీని దేశదేశాలకు చేర్చిన తీజన్ బాయి కళ ముందు ఆ వాదన నిలవదు. ఆడవాళ్లు కూర్చుని పాడే వేదమతి పద్ధతిని దాటి, మగవాళ్లదిగా చెలామణీ అయిన కాపాలిక శైలిలో ఆమె లేచి నిలబడ్డారు. ఆమె చేతి తంబూరా ఒకసారి భీముడి గద, ఇంకోసారి అర్జునుడి విల్లు. భిలాయిలో స్థిరపడిన తెలుగువారికి ఇది కొత్తగా తోచదు. బుర్రకథలో అందెల మోతనూ వంతల తందానానూ తీసేస్తే మిగిలేది ఎంత?

మెదడు కూడా చూపునూ వినికిడినీ విడివిడిగా ఉంచదు. ‘బ’ అనే శబ్దాన్ని వినిపిస్తూ ‘గ’ అంటున్న పెదవులను చూపిస్తే చాలామందికి ‘ద’ వినిపిస్తుందని 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ నిరూపించారు. అంటే కన్ను వినికిడినే మార్చేస్తోంది. చప్పుడు లేకుండా పెదవుల కదలికను చూస్తున్నా మెదడులోని శ్రవణ భాగం స్పందిస్తుందని 1997 నాటి స్కానింగ్ పరిశోధన చూపింది. తంబూరా గదలా లేచిన క్షణానే తబలా దెబ్బ పడితే ఆ దెబ్బ బరువు పెరిగినట్టనిపించడం భ్రమేమీ కాదని దీన్నిబట్టి అనుకోవచ్చు. ఇక కళంతా కుడి మెదడుదేనన్న ప్రచారం సంగతి: వెయ్యిమందికి పైగా మెదళ్ల స్కాన్లను పరిశీలించిన 2013 నాటి అమెరికా అధ్యయనంలో కుడి మెదడు మనుషులు, ఎడమ మెదడు మనుషులు అనే విభజనకు ఆధారమే దొరకలేదు.

కన్ను మోసం చేస్తుంది కదా, కళ్లు మూసుకుని వినడమే స్వచ్ఛమైన రసాస్వాదన కదా అని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. సంగీత పోటీల విజేతలను ధ్వని విన్నవారికంటే మూగ వీడియో చూసినవారే మెరుగ్గా గుర్తించారని 2013లో చియా-జంగ్ సాయ్ ప్రచురించిన పరిశోధన చెబుతోంది. వారిలో సంగీత నిపుణులూ ఉన్నారు. స్వరాన్నే తూచాల్సిన పోటీకి ఇది ఇబ్బందే. కానీ పండవానీలో కదలిక కథనంలో భాగం. దాన్ని పక్కకు తోసి తీర్పు చెప్పడమే అక్కడ పొరపాటు. మరి రేడియోలో విన్నవారి సంగతి? చూపులేనివారి సంగతి? వారి అనుభవం తక్కువదని ఈ పరిశోధనలేవీ అనలేదు. బాల్యం నుంచే చూపులేనివారు బ్రెయిలీ చదువుతుంటే మెదడులోని దృశ్య భాగం పనిచేస్తుందని 1996లోనే తేలింది. దారి ఒకటి మూసుకుపోతే మెదడు ఆ భాగాన్ని ఖాళీగా వదిలేయదు, మరో ఇంద్రియానికి అప్పగిస్తుంది. పండవానీలో కథ నడుస్తుండగా పక్కనే కూర్చున్న రాగి అనే సహగాయకుడు ‘ఊఁ’ కొడుతూ, ప్రశ్నలు వేస్తూ ఉంటాడు. వేదికను చూడలేని శ్రోతకు ఆ ప్రశ్నల్లోంచే కథ కదలిక తెలుస్తుంది.