వెబ్‌సైటు ఫైలు అనుమతులు

ఫైలు అనుమతులు అనగా సర్వరులోని ఒక ఫైలును ఎవరు చదువవచ్చు, ఎవరు మార్చవచ్చు, ఎవరు నడుపవచ్చు అని నిర్ణయించే నియమాలు. వర్డ్‌ప్రెస్, జూమ్లా, ద్రుపల్, మీడియావికీ వంటి విషయ నిర్వహణ వ్యవస్థలతో నడిచే సైట్లలో బొమ్మలు ఎక్కకపోవుట, పేజీ తెరుచుకోకపోవుట వంటి చిక్కులలో అనేకం వీటికి సంబంధించినవే. తెలుగు వికీపీడియా (ప్రారంభం 2003) మీడియావికీపై నడుస్తున్నా, సర్వర్లను వికీమీడియా ఫౌండేషన్ చూసుకొనుట వలన దాని సభ్యులకు ఈ బాధ లేదు. సొంతంగా స్థలం అద్దెకు తీసుకొని గ్రామానికో, పాఠశాలకో సైటు నడిపేవారు మాత్రం వీటిని తెలుసుకొనక తప్పదు.

రెండు రకాల అనుమతులు

మొదటిది సభ్యుల హోదా. ఇది సాఫ్టువేరు లోపలి ఏర్పాటు. ఉదాహరణకు వర్డ్‌ప్రెస్‌లో 'కంట్రిబ్యూటర్' హోదా గల సభ్యుడు వ్యాసం వ్రాయగలడు గాని ప్రచురించలేడు, బొమ్మలను ఎక్కించలేడు. రెండవది ఫైలు అనుమతి. ఇది సర్వరులోని ఆపరేటింగ్ సిస్టము ఏర్పాటు. బొమ్మ ఎక్కనప్పుడు ముందుగా సభ్యుని హోదాను, తరువాత సర్వరును పరిశీలించవలెను.

అంకెల లెక్క

యునిక్స్, లినక్స్ వ్యవస్థలలో ప్రతి ఫైలుకు యజమాని, సమూహం, ఇతరులు అని మూడు వర్గాలు ఉంటాయి. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1 చొప్పున కూడగా వచ్చిన అంకె ఆ వర్గపు అనుమతి. ఫోల్డరు విషయంలో 'నడుపుట' అనగా లోపలికి ప్రవేశించుట అని అర్థం.

* 644: యజమాని చదివి వ్రాయగలడు (4+2), మిగిలినవారు చదువగలరు. మామూలు ఫైళ్ళకు ఇది తగినది.
* 755: యజమానికి అన్నీ (4+2+1), మిగిలినవారికి చదువుట, ప్రవేశించుట (4+1). ఫోల్డర్లకు తగినది.
* 600: యజమానికి మాత్రమే. డేటాబేసు రహస్యపదం ఉండే ఆకృతీకరణ ఫైలుకు, పీహెచ్‌పీ యజమాని పేరుతోనే నడిచే సర్వర్లలో, ఇది మేలు.
* 777: అందరికీ అన్నీ.

అంకెలు సరిగా ఉన్నా యజమాని వేరైతే ఫలితం ఉండదు. ఎఫ్‌టీపీ ద్వారా పెట్టిన ఫైళ్ళకు ఖాతాదారుడు యజమాని. పీహెచ్‌పీ వేరొక పేరుతో నడిచే సర్వరులో సాఫ్టువేరు ఆ ఫోల్డరులో వ్రాయలేదు. అప్పుడు చాలామంది 777 ఇచ్చి ఊరుకుంటారు. దానితో పని జరిగినట్లే ఉంటుంది గాని, అదే సర్వరును పంచుకొనే ఇతర ఖాతాల నుండి కూడా చొరబాటుదారులు దొంగ ఫైళ్ళను పెట్టగల అవకాశం ఏర్పడుతుంది. ఫైళ్ళ యాజమాన్యాన్ని సరిచేయుమని హోస్టింగు సంస్థను కోరుటయే సరైన మార్గం.

దోష సంఖ్యలు

* 403: ప్రవేశం నిషిద్ధం. చదువు అనుమతి లేదు, లేదా ఫోల్డరులో ముఖపేజీ ఫైలు లేదు.
* 404: కోరిన పేజీ ఆ చిరునామాలో లేదు.
* 500: సర్వరు లోపలి దోషం. అపాచీ సర్వర్లలో 'హెచ్‌టీయాక్సెస్' ఫైలులోని తప్పు తరచుగా కారణమవుతుంది. కొన్ని సర్వర్లు 777 గల పీహెచ్‌పీ ఫైలును నడుపుటకు నిరాకరించి ఇదే సంఖ్యను చూపుతాయి.

అసలు కారణం దోషాల చిట్టాలో నమోదై ఉంటుంది. అది చూడకుండా అంకెలు మార్చరాదు. పీహెచ్‌పీలో ఒక ఫైలు ఎక్కింపుకు సహజ పరిమితి 2 మెగాబైట్లు. నేటి ఫోనుతో తీసిన ఛాయాచిత్రం అంతకు మించి ఉండుట మామూలే. కేటాయించిన స్థలం నిండిపోయినా ఎక్కింపు ఆగుతుంది. ఇవి అనుమతి దోషాలు కావు.

తెలుగు సైట్లకు ప్రత్యేకమైన చిక్కులు

యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కావలెను. చిరునామాలో అది 9 అక్షరాలుగా మారుతుంది. వర్డ్‌ప్రెస్‌లో చిరునామా భాగానికి 200 అక్షరాలే పరిమితి. కృష్ణానది కుడిగట్టున, పల్నాడు జిల్లా మాచర్ల మండలంలో ఉన్న 'విజయపురి సౌత్' పేరు వ్రాస్తే 12 సంకేతాలు, ఒక అడ్డగీత కలిసి 109 అక్షరాలు. దాని ప్రక్కన 'నాగార్జునసాగర్' చేరిస్తే 236 అవుతుంది కనుక చివరి భాగం తెగిపోతుంది. చిరునామాను పొట్టిగా మనమే ఇచ్చుకొనుట మంచిది.

సైటును ఒక హోస్టు నుండి మరొక హోస్టుకు తరలించునప్పుడు మరింత జాగ్రత్త అవసరం. మైఎస్‌క్యూఎల్ 8.0 (2018) వచ్చేవరకు సహజ లిపి సంకేతం లాటిన్-1 గా ఉండేది. అటువంటి పట్టికలోకి తెలుగు వ్యాసాలను ఎక్కిస్తే అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారవచ్చు. అట్లు నిల్వ అయిన పాఠాన్ని తిరిగి పొందుట సాధ్యం కాదు. యూరోపు అక్షరాల గజిబిజిగా కనబడితే మాత్రం బైట్లు చెడకుండా ఉండే అవకాశం ఉన్నది, బాగుచేయవచ్చు. పట్టికలను 'యూటీఎఫ్8ఎంబీ4' లో ఏర్పరచి, పాత హోస్టులోని ప్రతిని వెంటనే చెరపకుండా ఉంచవలెను.

జాగ్రత్తలు

మార్పుకు ముందు ఫైళ్ళను, డేటాబేసును రెంటినీ నకలు తీసి వేరొక చోట దాచవలెను. ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేసి ఫలితం చూడవలెను. 2009 అక్టోబరులో యాహూ తన జియోసిటీస్ సేవను మూసివేసినప్పుడు నకలు లేని సైట్లెన్నో వాటి యజమానులకు దక్కకుండా పోయాయి. హోస్టు ఎవరైనా, నకలు సొంతదారు వద్ద ఉండుటయే రక్షణ.